మూడు గోనెసంచుల క్రాంకులు

మా సైకిల్ షాపు జనగామలో, స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఉంది. ముందు గదిలో పంక్చర్లు, బ్రేకులు, చిన్నాచితకా రిపేర్లు. వెనక గదిలో మూడు గోనెసంచులు, వాటి నిండా పాత క్రాంకులు. పెడల్‌ను మధ్య ఇరుసుకు కలిపే జానెడు ఇనుప చెయ్యి ఉంటుంది కదా, అది క్రాంకు. రోజూ బరువంతా దాని మీదే మోపి తొక్కుతారు గానీ చాలామందికి దాని పేరు తెలియదు. అది పాడైన రోజున సైకిల్‌ని నడిపించుకుంటూ వచ్చి, "గా పెడల్ మీది రాడుకు ఏదో అయింది, జర సూడు" అంటారు.

చచ్చిపోయిన ప్రతి సైకిల్ నుంచీ మా బాపు క్రాంకులు విప్పి దాచేవాడు. ఫ్రేములు, రిమ్ములు, మడ్‌గార్డులు పాత ఇనుప సామాన్ల బండికి వేసేవాడు. ఇవి మాత్రం వేసేవాడు కాదు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "చక్రం వంగుతది, చైను తెగుతది. దీనికేమైతది బిడ్డా, మంచిగున్నది గద" అన్నాడు. అంతకంటే పెద్ద కారణం ఆయన దగ్గర ఎప్పుడూ లేదు. నాకు ఆ కారణం సరిపోయింది.

డిగ్రీ అయ్యాక నేను షాపులోకి వచ్చాను. సుత్తి దెబ్బలకు బాపు కుడి మణికట్టు అరిగిపోయి, పాన పట్టుకుంటే చెయ్యి వణికేది. రెండు నెలలు సాయముంటానని వచ్చినదాన్ని, నాలుగేళ్లయింది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు చెవులు వేడెక్కుతాయి, నాలుక మీదికి వచ్చిన మాట వెనక్కి పోతుంది. ఇనుముతో ఆ బాధ లేదు. వెనక గదిలో కూర్చుని క్రాంకులు కిరోసిన్‌లో కడిగి, బట్టతో తుడిచి, పొడవు కొలిచి, జతలు కట్టేదాన్ని. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవల అతుకుల డబ్బా కింద ఉండేది. అమ్మకు ఆ నవలల సంగతి కొంచెం తెలుసు, డైరీ సంగతి అసలు తెలియదు.

క్రాంకును పరీక్షించడం బాపే నేర్పాడు. దారం కట్టి వేలాడదీసి పానతో మెల్లగా కొట్టాలి. గంటలా మోగితే మంచిది. టప్పుమంటే, కంటికి కనబడకపోయినా లోపల ఎక్కడో పగులుంది. తర్వాత అద్దం పలక మీద పడుకోబెట్టి వంకర చూడాలి. చివరికి పెడల్ ఎక్కించే రంధ్రంలో వేలు పెట్టి మర అరిగిందేమో చూడాలి. మోగనివి, వంగినవి, అరిగినవి నేనే తీసి పారేసేదాన్ని. సంచుల్లో మిగిలినవన్నీ ఈ మూడు పరీక్షలూ దాటినవి. ఇది గుర్తుపెట్టుకోమని అడుగుతున్నాను. ఎందుకంటే తర్వాత అందరూ మర్చిపోయారు.

షాపున్న మడిగె, అంటే ఆ రెండు గదులూ, పెద్దనాయిన పేరు మీద ఉంది. ఆయన బాపుకు అన్న. ఊళ్లో భూములు చూసుకుంటూ, పట్నంలో పార్టీ మనుషులతో తిరుగుతూ, తెల్లచొక్కా మీద చుక్క మరక పడకుండా బతికే మనిషి. వెనక గది ఖాళీ చేస్తే అందులో బ్యాటరీ స్కూటర్లు పెట్టి అమ్మాలని ఆయన ఆలోచన. అది చెడ్డ ఆలోచన అని నేను అనను. నాకు మండింది ఇంకో మాటకు.

"మన ఇండ్లల్ల ఆడివిల్లల కాడ గిట్ల కిరసనాయిలు వాసనొస్తదారా? రేపెవలన్న వచ్చి మీ బిడ్డ ఏం జేస్తదని అడిగితె ఏం జెప్పాలె? పాత ఇనుము ఏరుకుంటదని చెప్పాల్నా?" అన్నాడు ఒకరోజు బాపుతో. నేను తలుపు వెనకే ఉన్నానని తెలిసే అన్నాడు.

బాపు అన్నకు ఎదురు చెప్పడు. ఆ రోజూ చెప్పలేదు. నేనే బయటికి వచ్చి, నేల చూస్తూ, "ఏరుకుంటలేను పెద్దనాయినా. అమ్ముత. ఫోన్ల పెట్టి అమ్ముత" అన్నాను.

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "అమ్ము. నేనొద్దన్ననా? కాని ఒక్కటి యాదికి పెట్టుకో. ఒక్కడు, ఒక్కడంటె ఒక్కడు, నీ మాలు కరాబున్నదని చెప్పిన్నాడు, గా మూడు సంచులు తుక్కు బండి ఎక్కుతయి. నువ్వు ఇంటికాడ కూసుంటవు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట."

ఆ రోజు డైరీలో ఆ ఒక్క మాట రాసి, కింద రెండు గీతలు గీశాను.

ఫోనులో పాత సామాన్లు అమ్మే పేజీ ఉంటే, మొదట అందరిలాగే "వాడిన క్రాంకులు, జత" అని పెట్టాను. ఎవరూ పలకరించలేదు. తర్వాత నాకు చేతనైన పద్ధతిలో రాశాను. "ఇది పాలు పోసే సైకిల్ నుంచి తీసిన జత. రోజూ రెండు క్యాన్ల బరువు మోసింది, అయినా వంగలేదు. కుడిదాని మీద గీత ఉంది. అది తాళం గొలుసు రాసుకుని పడ్డది, పగులు కాదు." ఇలా ఒక్కో జతకు నాలుగైదు వాక్యాలు. ఎదురుగా నిలబడి చెప్పలేనివన్నీ రాతలో సులువుగా వచ్చేవి. ఒకటీ అరా అమ్ముడుపోయాయి.

అప్పుడు వచ్చింది ఆ మెసేజ్. "పిల్లల సైకిల్ క్రాంకులు ఉన్నాయా? పొట్టివి కావాలి. ఒంటి చక్రం సైకిల్‌కి."

ఒంటి చక్రం సైకిల్‌ని నేను సర్కస్ పోస్టర్ మీద తప్ప చూడలేదు. రాసింది భూపాలపల్లిలో ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో ఆటల టీచరు. సొంతూరు మహబూబాబాద్ వైపు, గూడూరు దగ్గర తండా. వ్యాయామం కోర్సు చదివేటప్పుడు తోటి విద్యార్థి దగ్గర ఉన్న ఒంటి చక్రం మీద తనూ నేర్చుకుందట. ఇప్పుడు బడి పిల్లలకు నేర్పాలని రెండు సైకిళ్లు చేయిస్తోంది. దానికి చైను ఉండదు, క్రాంకులు నేరుగా చక్రం ఇరుసుకే బిగిస్తారు. కాలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పెద్ద సైకిళ్ల క్రాంకులు పెడితే చిన్నపిల్లల మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. పొట్టివి కొత్తగా కొందామంటే విడిగా ఎవరూ ఇవ్వడం లేదు. ఇవన్నీ ఆమె మెసేజ్‌లలో చెప్పింది. నేను ఒక్కోదానికి పేజీడు జవాబు రాశాను.

ఒక శనివారం మహబూబాబాద్ నుంచి రైలెక్కి జనగామలో దిగి నేరుగా షాపుకు వచ్చింది. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. ట్రాక్ సూటు, మెడలో ఈల.

"నువ్వేనా చెల్లె, పేజీలు పేజీలు రాసేది?"

తల ఊపాను.

"రాసుడేనా, మాట్లాడుడు గూడ ఉన్నదా?"

"ఉన్నదక్కా" అన్నాను. అది నాకే వినబడలేదు.

బాపు స్టూలు మీద నుంచి నవ్వాడు. "జర టైం పడ్తది బిడ్డా. పాత బోరింగు లెక్క. ముందుగాల మీదికెల్లి నీళ్లు పోస్తె అప్పుడు అందుకుంటది."

ఆమె పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత పనిలో పడ్డాం. పిల్లల సైకిళ్ల నుంచి తీసిన క్రాంకులు ఒక్కొక్కటే దారానికి కట్టి మోగించి చూపించాను. ఆమె చెవి దగ్గర పెట్టుకుని మరీ విని నాలుగు ఏరింది, రెండు జతలు. కుడి క్రాంకు ఎప్పుడూ పళ్ల చక్రంతో కలిసే వస్తుంది, చైను దాని మీదే తిరుగుతుంది కాబట్టి. ఒంటి చక్రానికి ఆ పళ్లు అడ్డం. రంపంతో ఆ చక్రాలు రెండూ కోసి, ఆకురాయితో అంచులు నున్నగా చేశాను. చేతులు బొబ్బలెక్కాయి. ఆమె పక్కనే కూర్చుని రంపం నాతో మార్చుకుంటూ వాళ్లమ్మతో ఫోనులో లంబాడీలో మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ నా గురించే నవ్వుతున్నారని తెలిసింది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాను. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. ముందుకు తొక్కేకొద్దీ పెడల్ ఊడిపోకుండా బిగుసుకోవాలని అలా చేస్తారు. అందుకని ఎడమ క్రాంకు ఎడమకే, కుడిది కుడికే పోవాలి. నేను ఎన్నడూ పెట్టుకోని ఎర్ర గోళ్లరంగు సీసా ఒకటి సొరుగులో ఉంటే, దానితో ఎడమవాటి మీద 'ఎ', కుడివాటి మీద 'కు' అని రాసిచ్చాను.

"మానుకోటల మా వెల్డింగన్న ఉన్నడు. గేట్లు చేస్తడు, మంచి పనోడు. గాయిననే బిగిస్తడు" అని ఆమె సంచి భుజానికేసుకుంది.

నెల తిరక్కముందే ఒక శుక్రవారం, షాపు ఫోనుకు ఆమె మాట రికార్డు చేసి పంపింది. ఫోను బల్ల మీద ఉంది. నేను వెనక గదిలో ఉన్నాను. పెద్దనాయిన బాపుతో ఏదో మాట్లాడటానికి వచ్చి కూర్చున్నాడు. ఫోను మోగితే ఆయనే నొక్కాడు. ఆమె గొంతు షాపంతా వినబడింది. "చెల్లె, నీ క్రాంకు మోసం చేసింది. తొక్కుతుంటె పెడల్ ఊడిపోయింది, కిందవడ్డ, మోచెయ్యి కొట్టుకపోయింది. మరంత పోయింది అందుల. పెద్ద మేడం సర్కస్ బంద్ పెట్టుమంటున్నది. గింత పాత మాలు ఎట్ల ఇచ్చినవ్ చెల్లె?"

నేను బయటికి వచ్చేసరికి పెద్దనాయిన ఫోను బల్ల మీద బోర్లా పెడుతున్నాడు. ఆయనకు సంతోషంగా ఏమీ లేదు, అది కూడా చెప్పాలి. "అయిపాయె గదా బిడ్డా. సోమారం పొద్దుమీకి బండిని రమ్మంట" అన్నాడు.

"సోమారం పొద్దుమీకి వరకు టైం ఉన్నది గద" అన్నాను. సోమవారం సాయంత్రానికి ఇంకా మూడు రోజులున్నాయి.

"టైం దేనికి?"

"ఎందుకు ఊడిందో సూసొస్త."

"నువ్వా? కిరాణ దుకాండ్ల ఉప్పు ప్యాకిట్ అడగనీకె పక్కింటి పిల్లను తోలేదానివి" అని ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆ మాట నిజమే, అందుకే మరింత మండింది.

పడిన సైకిల్‌ని ఆమె శనివారం ఇంటికి వెళ్తూ వెల్డింగ్ షాపులో పడేసి వెళ్లిందని మెసేజ్ పెట్టింది. ఆదివారం పొద్దున రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాను. మానుకోట అన్నా అదే ఊరు. నెల్లికుదురు వైపు పోయే రోడ్డు మీద షాపు. గోడకు ఆనించిన గేట్లు, కిటికీ గ్రిల్లులు. యాభై ఏళ్ల మనిషి నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి చూశాడు.

"ఏం గావాలె బిడ్డా? గేటా?"

"ఒంటి చక్రం సైకిలు సూడాల్నన్నా. క్రాంకులు నేనిచ్చినయి."

"ఓ! గా కరాబు మాలు నీదేనా? నేను చేసిన గేటు మీద బర్రె ఎగబడ్డా ఒంగది. నీ రాడు ఆడివిల్ల కాలుకే ఆగకపాయె."

చెవులు వేడెక్కాయి. మాట వెనక్కి పోయింది. మాట్లాడకుండా సైకిల్ దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాను. పని బాగానే చేశాడు. పాత సైకిల్ ఫోర్కు తలకిందులు చేసి, పైన సీటు, కింద చక్రం. చక్రం తప్ప అన్నిటికీ గేట్లకు వేసే వెండి రంగు దట్టంగా పట్టించాడు. ఫోర్కు మధ్యలో, గేట్ల మీద అతికిస్తారు చూడండి, అలాంటి పోత ఇనుప పువ్వు ఒకటి. తామరో, చామంతో చెప్పలేం. సీటు ముక్కు ఆ పువ్వు వైపే తిరిగి ఉంది.

సీటు వెనక నిలబడి, ఎడమకాలు వైపు ఉన్న రంధ్రంలో వేలు పెట్టాను. మర చితికిపోయింది గానీ లోపల కొంత మిగిలింది. అది ఉల్టా మర కాదు. బ్లేడు అడిగి వెండి రంగు గీకాను. కింద ఎర్రగా 'కు' కనబడింది.

"అన్నా, ఇది కుడిది. ఎడమ దిక్కు ఉన్నది."

"కుడేంది ఎడమేంది? గుండ్రంగున్నది గద, ఎటు తొక్కితె అటు పోతది."

"మరి ముందల ఏదో మీకెట్ల తెలిసింది?"

"పువ్వున్న దిక్కు ముందల. గేటుకు పువ్వు బజారు దిక్కుంటదా, ఇంట్లకుంటదా?"

"పువ్వు ఎవలు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన. ఉత్త పైపు బోసిగున్నది. ఆడివిల్లలు తొక్కేది, జర అందంగుంటదని పెట్టిన. బండిని ఉల్టా నిలవెట్టి, ఎటు సేతికి దొరికితె అటు అతికిచ్చిన." ఆయన అంతలో ఆగాడు. "గది గూడ తప్పేనా?"

"క్రాంకుల మీద ఎర్రగ రాసున్నది గదన్నా."

"రంగు మీద రంగు పడితె ఎవడు సదువుతడు? రెండు కోటింగులు కొట్టిన."

ఆ పువ్వు ఆయన ఇష్టంగా పెట్టాడు. ఎవరూ అడగకుండా, తన చేతి డబ్బుతో పెట్టాడు. అందుకని నాకు ఆయన మీద కోపం రాలేదు. కానీ ఆ పువ్వు వల్ల సీటు వెనక్కి తిరిగింది. సీటు వెనక్కి తిరిగితే కుడి ఎడమ అయింది. ప్రతి తొక్కుడికీ పెడళ్లు బిగుసుకోవాల్సింది పోయి వదులయ్యాయి. వదులైన పెడల్ ఊగి ఊగి మరను నమిలేసింది. రెండు చక్రాల సైకిల్‌కి ఈ పొరపాటు ఎవరూ చేయలేరు, హ్యాండిలే ముందేదో చెప్తుంది.

"అయితె తప్పు నాదంటవ్" అన్నాడు గొంతు తగ్గించి.

"క్రాంకుది గాదంటున్నన్నా."

అక్కడి నుంచే టీచరుకు ఫోను చేసి అంతా చెప్పాను. ఎదురుగా లేదు కాబట్టి మాట తడబడలేదు. ఆమె అంతా విని, "నువ్వొకటి చెప్తవు, అన్న ఒకటి చెప్తడు. పడ్డది నేను చెల్లె" అంది. "ఇంకో బండి భూపాలపల్లిల ఉన్నది. దాని పెడళ్లు గూడ రోజు వదులైతయి, రోజు పాన పెట్టి బిగిస్తున్న. నీ మాట నిజమైతె రేపొచ్చి గా బండి మీద సూపెట్టు."

"వస్త" అన్నాను.

సోమవారం మొదటి బస్సుకు బయల్దేరుతుంటే బాపు ఒక జత క్రాంకులు గుడ్డలో చుట్టి ఇచ్చాడు. "ఏసుకపో బిడ్డా. ఎందుకైన మంచిది."

"వద్దు బాపు. ఇంకో జత తీస్కపోతె, ఇచ్చింది కరాబుదని నేనే ఒప్పుకున్నట్టు."

బాపు గుడ్డ మూట వెనక్కి తీసుకున్నాడు. "గోళ్లరంగు తోని రాసుడు నీ తప్పే మరి. పంచు పెట్టి సుత్తె తోని సుక్క కొడితె ఎన్ని రంగులేసినా పోదు" అన్నాడు. అది నిజం. నా వంతు తప్పు అంతే, అంతకు రవ్వంత కూడా ఎక్కువ కాదు. సంచిలో రెండు పానలు, ఒక సుత్తి, ఒక పంచు పెట్టుకుని ఎక్కాను.

హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా భూపాలపల్లి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. బొగ్గు లారీలు, కాళేశ్వరం పోయే కార్లు ఒకదాని వెంట ఒకటి. బడి మైదానం రోడ్డు పక్కనే. చెట్ల ఆకుల మీద కూడా సన్నటి నల్లదుమ్ము. ఆటల పీరియడ్ అనుకుంటా, నలభై మంది దాకా పిల్లలు వరుసల్లో కూర్చున్నారు. టీచరు మోచేతికి కట్టు. వరండాలో కుర్చీ వేసుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. ఆమే పెద్ద మేడం.

నలభై జతల కళ్లు. కాళ్లు వెనక్కి పోదామన్నాయి. నేను సైకిల్‌నే చూస్తూ నడిచాను.

సీటు కింది బోల్టు వదులు చేసి సీటును పూర్తిగా వెనక్కి తిప్పి బిగించాను. పువ్వు వెనక్కి పోయింది.

"మేడం, పువ్వు పిర్ర కిందికి వొయ్యింది!" అని వరుసలోంచి ఒక పిల్ల అరిచింది. మైదానమంతా నవ్వులు.

"నోర్ముయ్యే" అంటూ టీచరే నవ్వింది. నా వైపు తిరిగి, "పెడళ్లు బిగించు మరి" అంది.

"బిగించనక్కా."

"ఏందీ?"

"పాన పెట్ట. రెండు పెడళ్లు ఉత్త వేళ్లతోని ఎక్కిస్త. మీరు తొక్కున్రి. తొక్కితె అవ్వే బిగుసుకుంటయి. వదులైతె నాది తప్పు."

"మల్ల పడితె?"

"పడితె మీ మోచెయ్యి వారంల మానుతది. నాకు షాపు పోతది. గా మూడు సంచులు ఈయాల పొద్దుమీకి తుక్కుకు పోతయి, నేను ఇంట్ల కూసుంట. నేను గూడ పడాల్నని ఇంత దూరం రాలె."

అంత పొడుగు మాట ఎదుటి మనిషితో నేను ఎప్పుడు మాట్లాడానో గుర్తులేదు. వరండా దాకా వినబడింది. ఆమె సైకిల్ దగ్గరికి నడిచింది. "బోరింగు అందుకున్నది" అని గొణిగి, చేతికి కర్ర తీసుకుని సీటెక్కింది.

మొదటి చుట్టు మెల్లగా, కర్ర నేలకు ఆనిస్తూ. నేను పక్కనే పరిగెత్తాను, కళ్లు పెడళ్ల మీదే. రెండో చుట్టుకు కర్ర పారేసింది. పిల్లలు లెక్క మొదలుపెట్టారు. ఐదు, ఆరు, ఏడు. నాకు ఊపిరి అందక మధ్యలో నిలబడిపోయాను. పన్నెండో చుట్టుకు ఆమే దిగి సైకిల్ నా ముందు పెట్టింది.

నేను ముట్టుకోలేదు. పువ్వు పిల్లను పిలిచాను. "ఇప్పు. వేళ్లతోని ఇప్పు."

ఆ పిల్ల కుడి పెడల్ పట్టుకుని తిప్పింది. కదల్లేదు. పళ్లు బిగించి రెండు చేతులా తిప్పింది. "వస్తలేదక్కా!" ఇంకో ఇద్దరు వచ్చారు. ఎడమది కూడా రాలేదు. టీచరు స్వయంగా పట్టుకుని చూసి, పెడల్ వదిలి, నా భుజం మీద చెయ్యేసింది. "మోసం అన్న గద చెల్లె. గా మాట వాపస్ తీసుకుంటున్న. మా పెద్ద మేడం గూడ ఇన్నది."

వరండాలోంచి పెద్ద మేడం, "రెండోది గూడ చేయించుకోండి ముందు. తర్వాత చూద్దాం" అంది. ఒప్పుకున్నట్టో కాదో తెలియలేదు. నేను పంచు, సుత్తి తీసి ఎడమ క్రాంకు మీద ఒక చుక్క, కుడిదాని మీద రెండు చుక్కలు కొట్టాను. పిల్లలు తలా ఒక దెబ్బ కొడతామని మీద పడ్డారు, కొట్టనివ్వలేదు. టీచరు తన మాట వెనక్కి తీసుకున్నట్టు షాపు ఫోనుకు రికార్డు చేసి పంపింది. బయల్దేరేముందు అన్నం పెట్టించింది.

జనగామలో దిగేసరికి సాయంత్రం ఐదు. సందులోకి తిరగగానే ట్రాలీ ఆటో కనబడింది. రెండు సంచులు అప్పటికే ఎక్కాయి. మూడోది గడప మీద ఉంది. పెద్దనాయిన నీడలో నిలబడ్డాడు. బాపు స్టూలు మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని.

"పెద్దనాయినా, మాలు మంచిగనే ఉన్నది. సీటు ఉల్టా పెట్టిన్రు. ఆమె గూడ చెప్పింది, ఫోన్ల ఇన్నరా?"

"ఇన్న. మంచిగనే చెప్పింది" అన్నాడు. "కాని ఒక్కడు చెప్పినా అన్న. చెప్పినరా లేదా? నువ్వే ఒప్పుకున్నవ్."

"కరాబున్నదని చెప్తె అన్నరు. కరాబు లేదు."

"మాట మాటే బిడ్డా."

"అయితె నేను ఒప్పుకున్న మాట నేను వాపస్ తీసుకుంటున్న" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. చెప్పులు విడిచి ట్రాలీ ఎక్కాను.

క్రాంకుల సంచి ఎంత బరువుంటుందో మోసినవాళ్లకే తెలుసు. మెడ పట్టి ఈడ్చాను. గోనె చిరిగి రెండు మూడు కింద పడి రోడ్డు మీద ఖణేల్మన్నాయి. ఆటో డ్రైవరు, "మేడం, ఎక్కియ్యాల్నా దించాల్నా, ఒక్కటి చెప్పున్రి" అన్నాడు. సంచి అంచు దాకా వచ్చి ఆగిపోయింది. నా బలం అంతవరకే. అప్పుడు కింద నుంచి దాన్ని పట్టుకున్న చేతులు బాపువి. ఒకటి గట్టిగా, ఒకటి వణుకుతూ.

"తమ్మీ, నువ్వు గూడనా?" అన్నాడు పెద్దనాయిన.

బాపు సంచి నేల మీదికి దిగాక నడుం మీద చెయ్యేసుకుని, "పిల్ల రెండు దినాలు తిరిగొచ్చిందన్నా. నేను స్టూలు మీదికెల్లి లేవకపోతె ఎట్ల?" అన్నాడు.

పెద్దనాయిన ముఖం ఎర్రబడింది. "నా మడిగెలకు అవ్వి మల్ల రావొద్దు. వెనక అర్ర నాకు గావాలె. స్కూటర్లు వస్తయి, అంతే." అది ఆయన హక్కు. నేను కాదనలేదు.

రెండో సంచి ఇద్దరం కలిసి దించాం. గడప మీదున్న మూడోదాన్ని నేనే బయటికి లాగాను. ఆటో ఖాళీగా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మడిగెలో చోటు లేదు కాబట్టి షాపు ముందు, మోరీ కాలువ మీద వేసిన బండల మీద టార్పాలిన్ పరిచాను. సందులో బడి నుంచి వచ్చే పిల్లలు, పాలవాళ్లు, మా అమ్మకు తెలిసిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆగి చూస్తున్నారు. చెవులు వేడెక్కాయి. చిరిగిన సంచి మూతి విప్పి మొత్తం కుమ్మరించాను. చప్పుడుకు పక్క టైలరు కూడా బయటికొచ్చాడు. నేల మీద కూర్చుని, పంచు, సుత్తి పక్కన పెట్టుకుని, ఎడమవి ఒక వైపు, కుడివి ఒక వైపు వేయడం మొదలుపెట్టాను. ఎడమదానికి ఒక చుక్క, కుడిదానికి రెండు.

పెద్దనాయిన కారు దగ్గర నిలబడి ఇంకా చూస్తూనే ఉన్నాడు. చూడనీ అనుకుని రెండో సంచి దగ్గరికి లాక్కున్నాను.